కరిగిన ఇంధనం ఎక్కడ ఆగుతుంది? – స్టూడియో చర్చ పాఠం

(2047 నాటికి దేశంలో 100 గిగావాట్ల అణు విద్యుత్ అన్నది కేంద్రం లక్ష్యం. పాత బొగ్గు యూనిట్ల జాగాలో రియాక్టర్లు వస్తే గోదావరి తీరం గతేమిటన్న వాదం మీద వరంగల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవారు: రియాక్టర్ భద్రతా ఇంజినీరు, భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, రైతు సంఘం ప్రతినిధి. మాట తెగినచోట తెగినట్టే ఉంచాం.)

మోడరేటర్: సూటిగా అడుగుతున్నా. రియాక్టర్ కరిగిందనుకోండి. ఆ ముద్ద భూమిని తొలుచుకుంటూ పోయి గోదావరిలో కలుస్తుందా, కలవదా?

ఇంజినీరు: కలవదు. ఎందుకో తెలియాలంటే ముందు వేడి లెక్క తెలియాలి. రామగుండంలో బొగ్గు మిల్లులు ఆపితే బాయిలర్‌లో మంట ఆరిపోతుంది. రియాక్టర్‌లో కంట్రోల్ రాడ్లు దించితే విచ్ఛిత్తి, అంటే యురేనియం కేంద్రకాలు చీలడం, ఆగుతుంది గానీ వేడి ఆగదు. 700 మెగావాట్ల యూనిట్‌లో పుట్టే వేడి 2,100 మెగావాట్ల పైమాటే. ఆపిన క్షణాన అందులో 6, 7 శాతం మిగిలే ఉంటుంది. గంట గడిచాక ఒకటిన్నర శాతానికి, రోజు గడిచాక అర శాతానికి దిగుతుంది. ఆ అర శాతమే 10 మెగావాట్లు. దాన్ని నీళ్లు మరిగించి తీసెయ్యాలంటే గంటకు 14 టన్నులు పోయాలి. మన ఊళ్లల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు. గంట గంటకూ మూడు.

రైతు ప్రతినిధి: అవి అందకపోతే?

ఇంజినీరు: అక్కడికే వస్తున్నా. నీటిమట్టం పడిపోయి ఇంధన కడ్డీలు బయటపడతాయి. 1,200 డిగ్రీలు దాటాక కడ్డీల మీది జిర్కోనియం లోహపు తొడుగు ఆవిరిలోని ఆక్సిజన్‌ని లాక్కుని హైడ్రోజన్‌ని వదులుతుంది. కిలో జిర్కోనియానికి 44 గ్రాములు, అంటే అర ఘనమీటరు వాయువు. ఆ చర్యలోంచే మళ్లీ వేడి. 1,850 దగ్గర తొడుగు కరుగుతుంది. లోపలి ఇంధనం, యురేనియం ఆక్సైడ్, కరగాలంటే 2,850 దాకా కావాలి, కానీ కరిగిన జిర్కోనియం దాన్ని అంతకంటే చాలా ముందే తనలో కలిపేసుకుంటుంది. అన్నీ కలిసిన ఆ ముద్దనే కోరియం అంటారు...

అధ్యాపకురాలు: ఇక్కడ ఒక్క మాట చెప్పనివ్వండి...

ఇంజినీరు: పూర్తి చెయ్యనీయండి మేడం. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్‌లో కోర్, అంటే ఇంధనం ఉండే నడిభాగం, దాదాపు సగం కరిగింది. సుమారు 20 టన్నులు కోర్ ఉండే ఉక్కు పాత్ర అడుగుకి జారింది. పాత్ర తట్టుకుంది. ఎందుకు? లోపల నీళ్లున్నాయి.

మోడరేటర్: అంటే గోదావరికి రాదు?

అధ్యాపకురాలు: అది నిలిచిన పాత్ర. నిలవనిది జపాన్‌లోని ఫుకుషిమా, 2011. అక్కడ మూడు యూనిట్లలో కోరియం పాత్ర అడుగు దాటి కిందికి పడింది. శిథిలం మొత్తం 880 టన్నులు ఉంటుందని అంచనా. 2024 నవంబర్‌లో మొదటిసారి బయటికి తీసింది ఎంతో తెలుసా? 0.7 గ్రాములు! దానికోసం చేసిన పనిముట్టును ఆ ఆగస్టులో లోపలికి దింపబోతే, తోసే పైపులు తప్పు వరుసలో పెట్టారని తేలి పని ఆపేశారు. మొదటి యూనిట్‌లో పాత్రను మోసే పీఠం చూడండి. లోపలి వైపు మీటరు ఎత్తు దాకా కాంక్రీటు పోయి ఇనుప ఊచలు మిగిలాయి.

రైతు ప్రతినిధి: కాంక్రీటు ఏడికి పోయింది మేడం?

అధ్యాపకురాలు: కోరియం తగిలితే కాంక్రీటు నిలవదు. అందులోని నీరు ఆవిరవుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. అవి కరిగిన లోహం గుండా పోతూ హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ అవుతాయి. రెండూ మండేవే.

ఇంజినీరు: కంకరను బట్టి అది మారుతుంది! సున్నపురాయి కంకరైతే వాయువు ఎక్కువ. సిలికా ఎక్కువున్న కంకరైతే వాయువు తక్కువ.

మోడరేటర్: మన కరీంనగర్ గ్రానైట్ ఏ రకం?

ఇంజినీరు: గ్రానైట్‌లో సిలికానే ఎక్కువ. కానీ వాయువు తగ్గిందని పని అయిపోదు, తినుకుంటూ పోవడం ఉండనే ఉంటుంది. అందుకే తమిళనాడులోని కూడంకుళంలో పాత్ర కింద కోర్ క్యాచర్, అంటే ముద్దను పట్టే తొట్టి, పెట్టారు. అందులో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల దిమ్మెలు ఉంటాయి. కోరియం వాటితో కలిసి పలచబడి, పరుచుకుని, చుట్టూ ఉన్న నీళ్లతో చల్లారుతుంది. గుజరాత్‌లో మన కాక్రాపార్‌లోని 700 మెగావాట్ల యూనిట్ల పద్ధతి వేరు. ఇంధన గొట్టాలుండే పెద్ద పాత్ర కాలాండ్రియా. దాని చుట్టూ ఉన్న కాంక్రీటు గది, వాల్ట్, నిండా మామూలు నీళ్లుంటాయి...

మోడరేటర్: మళ్లీ అడుగుతా. చెర్నోబిల్‌లో భూమిలోకి దిగిందా?

ఇంజినీరు: దిగలేదు! ఇసుకను, కాంక్రీటును కరిగించుకుని కింది అంతస్తుల్లోకి పారింది, గాజులాగా గడ్డకట్టింది. భయపడి బొగ్గు గని కార్మికులతో కింద సొరంగం తవ్వించారు, సింగరేణి కార్మికులు చేసేలాంటి పనే. కాంక్రీటు పలక వేశారు. దాని మీదికి చుక్క కూడా దిగలేదు. పోగా పోగా ముద్ద పెరుగుతుంది, వేడి పలచబడుతుంది. ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే.

అధ్యాపకురాలు: ముద్ద ఆగుతుంది. ముద్దను కడిగిన నీళ్లు ఆగవు. ఫుకుషిమాలో రోజుకు 400 టన్నుల దాకా భూగర్భజలం భవనాల్లోకి ఊరింది. కలుషిత నీరు తోడి, శుద్ధి చేసి, వెయ్యికి పైగా ట్యాంకుల్లో నింపారు. కిలోమీటరున్నర పొడవున, 30 మీటర్ల లోతున నేలను గడ్డకట్టించి అడ్డుగోడ చేశారు. శుద్ధి చేసిన నీటిని 2023 ఆగస్టు నుంచి సముద్రంలోకి వదులుతున్నారు. గోదావరి ఒడ్డున సముద్రం లేదు. అసలు ప్రశ్న...

ఇంజినీరు: మేడం, ఫుకుషిమాది చిన్న కంటైన్‌మెంట్! రియాక్టర్‌ని మూసే రక్షణ గూడే చిన్నది!

అధ్యాపకురాలు: చిన్నదో పెద్దదో, తెగింది ఎక్కడో చెప్తాను. మొదటి యూనిట్‌లో పీడనం డిజైన్‌కు ఒకటిన్నర రెట్లు దాటింది. పైమూతను బిగించే బోల్టులు సాగాయి, సీళ్లు వేడికి చెడిపోయాయి. ఆ సందులోంచే హైడ్రోజన్ పై అంతస్తు చేరింది. గాలిలో 4 శాతం దాటితే అది అంటుకుంటుంది. మార్చి 12న పేలింది.

ఇంజినీరు: మన దగ్గర రెండు గోడలు! లోపల ఉక్కు రేకు పొర, పైన నీటి జల్లు, కరెంటు అక్కర్లేకుండా హైడ్రోజన్‌ని ఆక్సిజన్‌తో కలిపి నీరు చేసే పలకలు. ఇన్ని ఉన్నాయి, ఇన్ని!

అధ్యాపకురాలు: 1994లో కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో డోమ్ లోపలి కాంక్రీటు పొర ఊడి పడలేదా?

ఇంజినీరు: కడుతుండగా పడింది. ఇంధనం నింపకముందు! దిద్దుకున్నారు, మళ్లీ కట్టారు...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

రైతు ప్రతినిధి: సార్, నాకు ఒక్క నిమిషం ఇయ్యుండ్రి. ముద్ద సంగతి మీరు చూసుకోండ్రి. వరి ఏమైతది?

అధ్యాపకురాలు: మంచి ప్రశ్న. బయటపడే రేడియోధార్మిక పదార్థాల్లో అయోడిన్-131 సగం కావడానికి 8 రోజులు, సీసియం-137కి 30 ఏళ్లు. మొక్క సీసియాన్ని పొటాషియం అనుకుని పీలుస్తుంది. అందుకే ఫుకుషిమా పొలాల్లో పొటాష్ ఎక్కువ వేసి గింజలోకి చేరకుండా తగ్గించారు. పైమట్టి 5 సెంటీమీటర్ల మేర చెక్కి సంచుల్లో కట్టారు...

రైతు ప్రతినిధి: పైమట్టి తీస్తే నాటు ఎట్ల వేస్తం? అండ్లనే గదా సారమంతా ఉండేది! ఆ సంచులు ఎవల ఊర్ల పెడ్తరు?

ఇంజినీరు: అది జరగకుండా ఉండటానికే కంటైన్‌మెంట్. నేను ఇందాకటి నుంచీ అదే చెప్తున్నా. నీళ్లు ఉంటే కరగదు. కరిగినా నీళ్లు పోస్తే ఆగుతుంది. 1993లో ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ దగ్గర అగ్నిప్రమాదమై స్టేషన్‌లో కరెంటు మొత్తం పోయింది. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో కోర్ వేడిని తీసుకుని ఆవిరి చేసే స్టీమ్ జనరేటర్లలోకి నీళ్లు కొట్టారు. కోర్ కరగలేదు. పంపు, డీజిల్, నీళ్లు!

అధ్యాపకురాలు: ఆ పంపు గదిలోకే వరద వస్తే? ఫుకుషిమాలో డీజిల్ జనరేటర్లు పోయింది సునామీ నీళ్లకే. గోదావరి వరద...

మోడరేటర్: టైం అయిపోతోంది. ఇంజినీరు గారూ, ఆఖరుగా ఒక్క మాటలో.

ఇంజినీరు: రాదు. ముద్ద గోదావరికి రాదు.

మోడరేటర్: అంటే ఈ భయం అక్కర్లేదని తేలింది...

అధ్యాపకురాలు: ఏం తేలింది? నేను నీళ్ల గురించి అడిగాను, జవాబు రాలేదు.

రైతు ప్రతినిధి: సంచుల సంగతి కూడా చెప్పలే సార్.

ఇంజినీరు: నీళ్ల గురించీ చెప్తాను, వాల్ట్ లోపలి నీళ్లు వేరు, భూగర్భజలం వేరు, ముందు ఆ తేడా...

(సమయం ముగిసింది)