ఐర్లాండ్ టెంప్లర్లు: పొలం పనుల్లో ఉన్నవాళ్ళ మీద మతద్రోహం కేసు

[తెరపై: యూరప్ మ్యాప్. జెరూసలేం నుంచి డబ్లిన్ దాకా ఎర్ర గీత]

అందరికీ నమస్కారం. టెంప్లర్లు అంటే జెరూసలేం ఉన్న పవిత్ర భూమి కోసం పోరాడిన క్రైస్తవ సన్యాసి సైనికులు. ఆ పేరు వినగానే తెల్లటి అంగీ, ఎర్ర శిలువ, చేతిలో కత్తి కళ్ళ ముందుకొస్తాయి. ఐర్లాండ్ టెంప్లర్లను మాత్రం అలా ఊహించుకోకండి. వాళ్ళ కథంతా ధాన్యం కొట్లలో, లెక్కల పుస్తకాల్లో ఉంది.

1169లో నార్మన్ సేనలు ఐర్లాండ్‌లో దిగాయి. రెండేళ్ళకు ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ స్వయంగా వచ్చాడు. ఐరిష్ వాళ్ళ నుంచి లాక్కున్న నేలలో కొంత టెంప్లర్లకు రాసిచ్చాడు: డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్, వాటర్‌ఫర్డ్ వైపు క్రూక్, ఇంకా కొన్ని నీటి మిల్లులు. ఎందుకంటే జెరూసలేం వైపు యుద్ధం సాగాలంటే డబ్బు కావాలి. ఇక్కడి పంట, ఉన్ని అమ్మగా వచ్చిన సొమ్ములో వాటా తూర్పుకు వెళ్ళాలి. అందుకే ఇక్కడి టెంప్లర్లకు రోజూ ఉండే పని సేద్యం, గొర్రెలు, కౌలు వసూళ్ళు.

ఐర్లాండ్‌లో యుద్ధం చేసింది అలాంటిదే ఇంకో సన్యాసి సైనికుల సంస్థ, హాస్పిటలర్లు. స్ట్రాంగ్‌బోగా పేరుపడ్డ రిచర్డ్ డి క్లేర్ 1174 ప్రాంతంలో డబ్లిన్ దగ్గర కిల్‌మైనమ్‌లో వాళ్ళకు మఠం కట్టించాడు. 1274లో ఆ మఠాధిపతి విలియం ఫిట్జ్‌రోజర్ రాజు సైన్యంతో విక్లో కొండల్లోని గ్లెన్‌మలూర్ లోయకు వెళ్ళి ఐరిష్ వాళ్ళకు పట్టుబడ్డాడు. అవతలి పక్షం కూడా అదే పోపును నమ్మే క్రైస్తవులే! పవిత్ర భూమి కోసం పుట్టిన సంస్థ తోటి క్రైస్తవుల నేల కోసం కత్తి దూసింది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇదే.

[తెరపై: సెయింట్ పాట్రిక్స్ కెథెడ్రల్, డబ్లిన్]

ఇప్పుడు కేసు దగ్గరకొద్దాం. 1307 అక్టోబర్ 13న ఫ్రాన్స్ రాజు తన రాజ్యంలోని టెంప్లర్లందరినీ పట్టుకున్నాడు. 1308 ఫిబ్రవరి 3న ఐర్లాండ్‌లోనూ అరెస్టులు జరిగాయి. అధికారులు ఆస్తులన్నీ జాబితా రాస్తే కనబడింది ధాన్యం, పశువులు, వ్యవసాయ పనిముట్లు. ఆయుధాలు చాలా తక్కువ.

1310లో సెయింట్ పాట్రిక్స్‌లో విచారణ. క్రీస్తును కాదన్నారని, శిలువ మీద ఉమ్మేశారని, విగ్రహాన్ని పూజించారని ఆరోపణలు. మరి సాక్షులెవరు? ఎక్కువమంది వేరే సభలకు చెందిన సన్యాసులు. "అలా అని విన్నాం" అన్నవాళ్ళే ఎక్కువ.

ఒక సన్యాసి చెప్పిన సాక్ష్యం వినండి. క్లాంటార్ఫ్‌లో దివ్యబలి పూజకు వెళ్ళాడట. గురువు అప్పాన్ని, అంటే క్రీస్తు శరీరంగా భావించే రొట్టెను, పైకెత్తినప్పుడు టెంప్లర్లు తలెత్తి చూడలేదట, నేల చూపులు చూశారట. తర్వాత పూజలో ఒకరికొకరు శాంతి తెలుపుకునే ముద్దు ఇవ్వబోతే, టెంప్లర్లకు శాంతితో పనిలేదని ఒకడు అన్నాడట. తల వంచుకోవడం భక్తి కూడా కావచ్చు కదా! మనిషి ప్రాణం, పరువు ఇలాంటి సాక్ష్యం మీద వేలాడటం అన్యాయం. ఐర్లాండ్‌లో ఒక్క టెంప్లర్ కూడా తాను తప్పు చేశానని ఒప్పుకోలేదు.

అయినా 1312లో పోపు సంస్థనే రద్దు చేశాడు. ఆస్తులు హాస్పిటలర్లకు ఇమ్మన్నాడు.

కొన్నేళ్ళకే మతద్రోహం నింద కిల్‌మైనమ్ తలుపూ తట్టింది. అక్కడి అధిపతి రోజర్ ఔట్‌లా అప్పుడు ఐర్లాండ్ ఛాన్సలర్ కూడా, అంటే రాజు ప్రభుత్వంలో పెద్ద అధికారి. 1324లో కిల్‌కెన్నీలో ఆలిస్ కైట్లర్ మీద మంత్రగత్తె కేసు పెట్టిన బిషప్ రిచర్డ్ లెడ్రెడ్‌కు, ఆమె బంధువైన రోజర్ అడ్డుపడ్డాడు. ఆలిస్ తప్పించుకుంది. ఆమె పనిమనిషి పెట్రొనిల్లాను మాత్రం సజీవ దహనం చేశారు. తర్వాత బిషప్ రోజర్ మీద కూడా మతద్రోహులకు అండగా నిలిచాడని ఆరోపించాడు. ఈసారి విచారణ వేరేలా నడిచింది. రోజర్ నిర్దోషి అని తేల్చారు, ఆయన ఊరందరికీ విందు ఇచ్చాడు.