ఇంటికి ట్యూటర్‌ని పెట్టాలా? (మళ్లీ రబ్బరు గొడవ)

మరిది: నమస్కారం. మన పాడ్‌కాస్ట్ రికార్డవుతోంది వదినా, ఎర్ర లైటు వచ్చింది.

వదిన: పోయినసారి కూడా వచ్చిందనే అన్నావు.

మరిది: పోయినసారి సంగతి వద్దు. కుర్చీ సంగతీ వద్దు. మీ కుర్చీ అమ్మేశారా అని మళ్లీ ముగ్గురు శ్రోతలు రాశారు. అందరికీ ఒకటే జవాబు: లేదు, ఇంకా అమ్మలేదు.

వదిన: అమ్మను కూడా.

మరిది: సరే. ఇవాళ్టి విషయం, పిల్లలకి ఇంటికొచ్చి చెప్పే ట్యూటర్‌ని పెట్టాలా వద్దా, పెడితే ఎలా ఎంచుకోవాలి. ఎనిమిది పాయింట్లు రాసుకొచ్చాను.

వదిన: పెన్సిల్‌తోనా, పెన్నుతోనా?

మరిది: ఆ రబ్బరు గొడవ అప్పుడే మొదలెట్టకండి.

వదిన: నేనేమన్నాను? కొట్టివేతలు ఉన్నాయా అని చూస్తున్నానంతే. ఉన్నాయి. బంగారుకొండవి.

మరిది: మొదటి పాయింటు. అసలు ట్యూటర్ అవసరమా? మార్కులు తగ్గాయనగానే మనిషి కోసం వెతకడం కాదు. ఏ సబ్జెక్టులో తగ్గాయి, ఎప్పటినుంచి, ఏ పాఠం దగ్గర చిక్కుపడింది, ఇవి చూడాలి. ముందు క్లాస్ టీచర్‌ని అడగాలి. ఒక్కోసారి ఒకే ఒక్క పాఠం దగ్గర ఆగిపోయి ఉంటాడు. దానికి నాలుగు ఆదివారాలు మనం కూర్చుంటే చాలు.

వదిన: కళ్లు. కళ్ల సంగతి చెప్పు.

మరిది: అదే చెప్పబోతున్నా. బోర్డు సరిగా కనబడక వెనకబడే పిల్లలుంటారు. వాళ్లకి కావలసింది కళ్లజోడు. కనబడటం లేదని వాళ్లంతట వాళ్లు చెప్పరు, ఎందుకంటే అందరికీ అంతే కనబడుతుందనుకుంటారు.

వదిన: చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయని మీ అన్నయ్యకి పదో క్లాసులో తెలిసింది.

మరిది: ఆ కథ అన్నయ్య చెప్తేనే బాగుంటుంది, మీరు ముగింపు ముందే చెప్పేస్తారు. రెండో పాయింటు. ఒక్కడినే కూర్చోబెట్టి చెప్తే లాభం ఉందా? ఉంది. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యా మనస్తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. మామూలు క్లాసులో చదివిన పిల్లలు 100 మంది ఉంటే, ట్యూటర్ దగ్గర చదివిన సగటు పిల్లవాడు వాళ్లలో 98 మందిని దాటేశాడని.

వదిన: అది విని పర్సు తీసేవాళ్లుంటారు. మిగతాది కూడా చెప్పు.

మరిది: చెప్తున్నా. ఆ ప్రయోగాలు మూడు వారాలు నడిచాయి, మొత్తం 11 క్లాసులు. ఎంచుకున్న విషయాలు సంభావ్యత, పటాల తయారీ. ఏళ్ల తరబడి పోగుపడ్డ లెక్కల భయం కాదది. పైగా ట్యూటర్ ఉన్న పిల్లలకి మధ్యమధ్యలో చిన్న పరీక్షలు పెట్టేవారు. తప్పయింది మళ్లీ నేర్పాకే ముందుకి. తర్వాత 2011లో కర్ట్ వాన్‌లేన్ అనే పరిశోధకుడు బోలెడు అధ్యయనాలు కలిపి చూశాడు. లాభం మంచిదే కానీ బ్లూమ్ చెప్పిన దాంట్లో సగం కూడా తేలలేదు.

వదిన: ఏమన్నావు, తప్పయింది మళ్లీ నేర్పాకే ముందుకి. అసలు మందు అదీ. తప్పు కనబడాలి. కనబడాలంటే చెరపకూడదు.

మరిది: వచ్చేసింది మీ రబ్బరు గొడవ. పోయినసారి పన్నెండు నిమిషాలు పట్టింది, ఈసారి ఐదే.

వదిన: నవ్వు, ఫరవాలేదు. 402లోంచి 178 తీసెయ్.

మరిది: నన్ను అడుగుతున్నారా?

వదిన: మా వాడిని అడిగాను. 376 అన్నాడు. ఎలా వచ్చింది?

మరిది: ఏమో. తప్పు చేశాడు.

వదిన: తప్పు చేశాడు కాదు, ఒక పద్ధతి ప్రకారం చేశాడు. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 8. రెండులోంచి ఎనిమిది పోదు కదా, తిప్పేసి ఎనిమిదిలోంచి రెండు తీశాడు, 6. పదుల స్థానంలో పైన సున్నా, కింద 7. తిప్పేస్తే 7. నాలుగులోంచి ఒకటి పోతే 3. 376. ప్రతి అంకె వెనకా ఒక లెక్క ఉంది. వాడి దృష్టిలో తీసివేత అంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీయడం. పైనుందా, కిందుందా అన్న పట్టింపు లేదు.

మరిది: అప్పు తెచ్చుకోవడం రాలేదన్నమాట.

వదిన: అందులోనూ మధ్యలో సున్నా. పక్కింటికి అప్పుకి వెళ్తే వాళ్ల దగ్గరా లేదు. వాళ్లు వందల ఇంటికి వెళ్లి తెచ్చి ఇవ్వాలి. ఇలాంటి తీసివేత తప్పుల మీద బ్రౌన్, బర్టన్ అని ఇద్దరు పరిశోధకులు 1978లోనే పెద్ద పని చేశారు. పిల్లల తప్పులు చాలాసార్లు అజాగ్రత్త వల్ల కాదు, తప్పు సూత్రాన్ని శ్రద్ధగా పాటించడం వల్ల అని. శ్రద్ధగా! ఇప్పుడు చెప్పు, మా ట్యూటర్ ఏం చేశాడు?

మరిది: చెరిపాడు.

వదిన: చెరిపి, 224 వేయించాడు. పుస్తకం అద్దంలా ఉండేది. ఆరు నెలలు. నేనూ మురిసిపోయాను. ఒకరోజు పేజీ ఏటవాలుగా పట్టుకుంటే లైటు వెలుగులో 224 కింద పాత గాడి కనబడింది, 376 అని. పెన్సిల్ నొక్కిన చోటు పోదు కదా. వెనక పేజీలు తిప్పాను, అన్నింటి కిందా అవే గాళ్లు. తర్వాత పరీక్షలో 503లోంచి 267 ఇస్తే 364 వేసొచ్చాడు. మళ్లీ అదే తిప్పుడు.

మరిది: వదినా, ఒకటంటాను. కోపం తెచ్చుకోకండి.

వదిన: అనకముందే వచ్చింది.

మరిది: తప్పు ఆ ట్యూటర్‌దేనా? కాలేజీలో ఉండగా నేనూ రెండేళ్లు ఇళ్లకెళ్లి చెప్పాను. మొదటి నెల చాలా గొప్పగా చెప్పాననుకున్నాను. నెలాఖరుకి ఆ పాప వాళ్ల నాన్నగారు పుస్తకం తీసి, "ఇన్ని తప్పులా మాస్టారూ" అన్నారు. తప్పులు చేసింది ఆ పాప, మాట పడింది నేను. మర్నాడే రబ్బరు కొన్నాను. పెద్దది.

వదిన: నువ్వు!

మరిది: నేనే. హోమ్‌వర్క్ కూడా దగ్గరుండి చేయించేవాడిని. చేయించడమంటే, నేను చెప్తుంటే రాయడం. లేకపోతే స్కూల్లో తిట్లు, ఇంట్లో నాకు తిట్లు. మీరందరూ పుస్తకమే కదా చూసేది. పిల్లవాడి తలకాయ తెరిచి చూడలేరు.

వదిన: హోమ్‌వర్క్ చేయించడానికి ట్యూటర్ అక్కర్లేదు. పక్కన పెద్దవాళ్లెవరైనా కూర్చుంటే అయిపోతుంది.

మరిది: అలాగని ముందే ఒప్పందం చేసుకోవాలి. హోమ్‌వర్క్ పూర్తికాకపోయినా ఏమీ అనం, మీరు వాడికి కింది క్లాసుల్లో రానిది చెప్పండి అని. అలా అన్న తల్లిదండ్రులు నాకు ఒక్కరూ తగల్లేదు.

వదిన: నేను అనేదాన్ని.

మరిది: మీరా? మరి రెండో ట్యూటర్‌ని ఎందుకు మాన్పించారు?

వదిన: అది వేరు.

మరిది: రెండు వారాలకే మాన్పించారు.

వదిన: ఆయన మాట్లాడేవాడు కాదురా బాబూ. నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతూ ఉంటాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఒక్క మాట వినబడదు. డబ్బులిచ్చి మౌనవ్రతం పట్టిస్తున్నామా అనిపించింది. మొదటాయన ఎలా ఉండేవాడు! గొంతు వీధి చివరికి వినబడేది.

మరిది: ఎవరికోసం అనుకున్నారు? మీకోసమే. నేనూ అంతే చేసేవాణ్ని. తలుపు అవతల గాజుల చప్పుడు ఆగిందంటే, వింటున్నారని అర్థం. వెంటనే అందుకునేవాణ్ని. పాప ఆలోచిస్తూ ఉండేది. జవాబు అక్కడిదాకా వచ్చి ఉండేది. నేనే చెప్పేసేవాణ్ని.

వదిన: ...

మరిది: కట్ చెయ్యనా ఇక్కడ?

వదిన: వద్దు, ఉండనీ. రెండో ఆయన వెళ్లిపోయిన నెలకి ఆ పుస్తకం దొరికింది. మంచం కింద. ఒక్కటీ చెరపలేదు. తప్పు జవాబు చుట్టూ సన్నగా సున్నా చుట్టి, పక్కన "ఎలా వచ్చింది?" అని రాసి ఉంది. దాని కింద మావాడి రాత, వంకరటింకరగా, "8లోంచి 2 తీశాను" అని. కింద ఆయన మళ్లీ, "2 పైన ఉంది కదా?" అంతే. ఆ పది నిమిషాలూ వాళ్లిద్దరూ కాగితం మీద మాట్లాడుకుంటున్నారు.

మరిది: మీ రబ్బరు పిచ్చి అక్కడినుంచన్నమాట. ఇన్ని ఎపిసోడ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

వదిన: నువ్వు అడగలేదు.

మరిది: మళ్లీ పిలవలేకపోయారా?

వదిన: పిలిచాను. వేరే ఇల్లు ఒప్పుకున్నారట. చాలా మర్యాదగా చెప్పారు. దాంతో ఇంకా సిగ్గేసింది. మిగతా పాయింట్లు చదివెయ్, ఎన్ని మిగిలాయి?

మరిది: ఆరు. గబగబా చెప్తాను. మొదట ఒక వారం చూసుకుని ఖాయం చేసుకోండి. ఆ వారం అయ్యాక ట్యూటర్‌ని అడగండి, మా వాడికి రానిది ఏమిటని. "అన్నీ వీక్" అంటే ఇంకా చూడలేదని అర్థం. భిన్నాల్లో హారాలు కూడేస్తున్నాడు అని చెప్తే, ఆయన చూస్తున్నాడు. పిల్లవాడిని కూడా అడగండి, ఎలా ఉన్నారని కాదు, ఇవాళ ఏం చెప్పారో నాకు చెప్పు అని.

వదిన: తలుపు.

మరిది: తలుపు తీసే ఉంచాలి, ఎంత తెలిసినవాళ్లయినా. నలుగురూ తిరిగే చోట కూర్చోబెట్టాలి. ఇంతకుముందు చెప్పిన ఇళ్లవాళ్లతో మాట్లాడాలి. దీంట్లో మొహమాటం వద్దు.

వదిన: కనబడాలి, కానీ వినకూడదు. ఎలా చేస్తాం ఆ పని?

మరిది: రేడియో పెట్టుకోండి. తర్వాత, వారానికి ఒకేసారి రెండు గంటలకన్నా రెండుసార్లు గంట గంట మేలు, మరిచిపోకముందే మళ్లీ చూసినట్టవుతుంది. నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే తన మీద తనే ప్రయోగం చేసుకుని చెప్పాడు. అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోయాడో లెక్కపెట్టుకున్నాడు.

వదిన: ఆయనకి పెళ్లాం పిల్లలు లేరా?

మరిది: అది రాసుకోలేదు నేను. చివరిది, ఎప్పుడు ఆపాలో మొదటిరోజే అనుకోండి. మూడు నెలలు, ఫలానా మూడు పాఠాలు. లేదంటే ఏళ్లపాటు నడుస్తుంది. పక్కన మనిషి లేనిదే పుస్తకం తెరవని పరిస్థితి వస్తుంది.

వదిన: ఫీజు సంగతి?

మరిది: ఒప్పుకున్నది ఒకటో తారీకున ఇచ్చెయ్యండి, అడిగించుకోకుండా. ట్యూటర్‌గా చెప్తున్నా ఇది.

వదిన: ఇంకొకటి కలుపు. ఇంట్లో రబ్బరు ఉండకూడదు.

మరిది: రబ్బరు లేకపోతే వేలికి ఉమ్ము రాసి చెరుపుతారు వదినా.

వదిన: కాగితం చిరుగుతుంది.

మరిది: చిరగదు, ముందు నల్లగా అలుక్కుపోతుంది. ఇంకా రుద్దితే బొక్క పడుతుంది.

వదిన: పడుతుంది. మా వాడి పుస్తకంలో రెండున్నాయి.