పీటకు మూడు వ్యూలు: ఆర్థోగ్రాఫిక్ ప్రొజెక్షన్ ఒక్క వస్తువుతో

(తెర మీద: గచ్చు మీద చెక్క పీట. ఒక చెయ్యి దాన్ని బోర్లించి చూపించి, మళ్లీ మామూలుగా పెడుతుంది.)

ఇది మా ఇంట్లో పీట. పైన ఒక పలక, కింద అడ్డంగా రెండు చెక్క కాళ్లు, మేకుకి తగిలించడానికి ఎడమ చివర ఒక చిల్లు. అంతే. ఈరోజు మన పని ఏమిటంటే, ఈ పీటను ఎప్పుడూ చూడని వడ్రంగి ఒకాయన మన కాగితం చూసి అచ్చం ఇలాంటిదే చేసివ్వాలి. మధ్యలో ఫోన్ చేసి సందేహాలు అడగడానికి లేదు.

ముందు కంటికి కనిపించినట్టే గీసి చూద్దాం.

(తెర మీద: మూల నుంచి చూసిన పీట బొమ్మ. పక్కన స్కేలు.)

బొమ్మ బాగానే ఉంది. ఇప్పుడు స్కేలు పెట్టి కొలవండి. దగ్గరి అంచు పొడుగ్గా వచ్చింది, దూరపు అంచు పొట్టిగా వచ్చింది. నిజానికి రెండూ ఒకటే కొలత. తొంభై డిగ్రీలు ఉండాల్సిన మూల ఏటవాలుగా ఉంది. వెనక కాలు సగం కూడా కనపడటం లేదు. చూసి ముచ్చటపడటానికి సరే గానీ, దీన్ని చూసి రంపం పట్టుకోవడం కష్టం.

అందుకని ఏం చేస్తామంటే, పీటను ఒక మూల నుంచి చూడటం మానేసి, ఎదురుగా నిలబడి తిన్నగా చూస్తాం. చూపు రేఖలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా వెళ్తున్నాయనీ, కాగితానికి లంబంగా తగులుతున్నాయనీ అనుకుంటాం. ఇలా గీయడాన్నే ఆర్థోగ్రాఫిక్ ప్రొజెక్షన్ అంటారు. నీడతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. టార్చి దగ్గరగా పెడితే నీడ వస్తువుకన్నా పెద్దదవుతుంది, ఎందుకంటే కిరణాలు విచ్చుకుంటూ పోతాయి. నడినెత్తిన ఎండలో గచ్చు మీద పడే నీడ మాత్రం పీటంతే ఉంటుంది. మనకు కావలసింది ఆ ఎండ నీడ. నీడలో అంచు ఒక్కటే తెలుస్తుంది, మనం లోపలి గీతలు కూడా వేస్తాం. తేడా అంతే.

ఇక ఆ నీడ ఎక్కడ పడుతుంది? మీ గదిలో ఒక గోడ దగ్గరికి వెళ్లండి. గోడ వీపీ, అంటే వర్టికల్ ప్లేన్. నేల హెచ్‌పీ, హారిజాంటల్ ప్లేన్. గోడా నేలా కలిసే గీతే మీ పుస్తకంలో ఉన్న ఎక్స్‌వై లైన్. పీటను గోడ ముందు గాల్లో పట్టుకున్నారనుకోండి. ఎదురుగా చూస్తే బొమ్మ వెనక గోడ మీద పడుతుంది, అది ఫ్రంట్ వ్యూ. పై నుంచి చూస్తే నేల మీద పడుతుంది, అది టాప్ వ్యూ. వస్తువును ఇలా గోడ ముందు, నేల పైన ఉంచి గీసే పద్ధతి పేరు ఫస్ట్ యాంగిల్. ఫస్ట్ యాంగిల్‌లో వీపీ ఎప్పుడూ వస్తువు వీపు వెనకే ఉంటుంది. మాటకు మాట కలిసింది గనక ఇక మర్చిపోరు.

(తెర మీద: గోడ, నేల. నేల మెల్లగా కిందికి వాలి గోడతో ఒకే పలకగా మారుతుంది.)

కాగితం చదునుగా ఉంటుంది, గోడా నేలా అలా ఉండవు. అందుకే నేలను ఎక్స్‌వై దగ్గర మడతబందులా కిందికి వాలుస్తాం. నేల మీదున్న టాప్ వ్యూ కాగితం మీద ఫ్రంట్ వ్యూ కిందికి చేరుతుంది. "పై నుంచి చూసింది కింద ఎందుకు పెట్టాలి?" అన్న ఫస్టియర్ సందేహానికి జవాబు ఇదే.

ఇదే పద్ధతిలో ఎడమ నుంచి చూసిన బొమ్మ, అంటే సైడ్ వ్యూ, కుడి వైపుకు వెళ్తుంది. గోడను నేల కిందికీ, నేలను గోడ వెనక్కీ సాగదీస్తే చోటు నాలుగు భాగాలవుతుంది, అవే క్వాడ్రంట్లు; మన పీట ఉన్నది మొదటిదాంట్లో. రెండో, నాలుగో క్వాడ్రంట్లను ఎందుకు వాడరంటారా? ప్లేన్ తిప్పగానే రెండు వ్యూలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏ గీత దేనిదో తెలియదు.

సరే, పెన్సిల్ తీయండి. స్కేలు వద్దు, మినీ డ్రాఫ్టర్ వద్దు. గళ్ల నోట్‌బుక్ చాలు. ఒక గడి 50 మిల్లీమీటర్లు అనుకుందాం.

పీట పొడవు 400, వెడల్పు 250, ఎత్తు 100. అంటే 8 గళ్లు, 5 గళ్లు, 2 గళ్లు. పలక మందం 20, కాళ్ల మందం కూడా 20. కాళ్లు ఒక్కో చివర నుంచి 50 లోపలికి ఉన్నాయి, వెడల్పంతా ఉన్నాయి. చిల్లు వ్యాసం 20, దాని సెంటరు ఎడమ అంచు నుంచి 25, వెడల్పులో సరిగ్గా మధ్యన.

(తెర మీద: చేత్తో గీస్తున్న దృశ్యం, దగ్గర నుంచి.)

ముందు 2హెచ్ పెన్సిల్‌తో మూడు ఖాళీ పెట్టెలు, కనీకనపడనట్టు. ఫ్రంట్ వ్యూకి 8 బై 2. దాని కింద టాప్ వ్యూకి 8 బై 5. ఫ్రంట్ వ్యూ కుడి పక్కన సైడ్ వ్యూకి 5 బై 2. పొడవైన గీత వంకర పోతోందా? పెన్సిల్ మొనను చూడకండి, గీత ఆగాల్సిన చుక్కను చూడండి. చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది.

ఫ్రంట్ వ్యూలో పైన సన్నటి పలక, కింద రెండు కాళ్లు. కాళ్ల గీతలు నాలుగింటినీ అక్కడితో ఆపకుండా టాప్ వ్యూ దాకా పలచగా దించేయండి. టాప్ వ్యూలో కాళ్లు ఎక్కడుండాలో మళ్లీ కొలిచే పని లేదు, దిగిన గీతలే చెబుతాయి. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ఇవి మూడు విడివిడి బొమ్మలు కావు. పొడవు ఫ్రంట్‌కీ టాప్‌కీ ఉమ్మడి, ఎత్తు ఫ్రంట్‌కీ సైడ్‌కీ ఉమ్మడి, వెడల్పు టాప్‌కీ సైడ్‌కీ ఉమ్మడి. ఒక్కో వ్యూని వేరుగా కొలిచి పూర్తిచేసుకుంటూ పోయేవాళ్ల షీట్లలో గీతలు ఎక్కడో ఒకచోట కలవవు.

పై నుంచి చూస్తే కాళ్లు కనపడవు. కనపడవు కానీ ఉన్నాయి. అందుకే డ్యాష్ గీతలు, హిడెన్ లైన్లు. చిల్లు పై నుంచి కనిపిస్తుంది కాబట్టి నిండు వృత్తం. చేత్తో వృత్తం గుండ్రంగా రావాలంటే ముందు చిన్న చతురస్రం వేసి, నాలుగు భుజాల మధ్య బిందువులు తగిలేలా చుట్టండి. అదే చిల్లు ఫ్రంట్ వ్యూకి వచ్చేసరికి పలక మందంలో రెండు డ్యాష్ గీతలు, వాటి మధ్య గొలుసు గీత (పొడుగు ముక్క, పొట్టి ముక్క మారుతూ వచ్చేది), అది సెంటర్ లైన్. కనిపించే గీతా, డ్యాష్ గీతా ఒకేచోట పడితే కనిపించే గీతే వేయాలి. డ్యాష్‌కీ సెంటర్ లైన్‌కీ పోటీ వస్తే డ్యాష్ గెలుస్తుంది.

ఇక సైడ్ వ్యూ. వెడల్పును టాప్ వ్యూ నుంచి తేవాలి. టాప్ వ్యూ కుడి పక్కన 45 డిగ్రీల గీత ఒకటి కిందికి వాలేలా వేయండి, అది మైటర్ లైన్. టాప్ వ్యూ గీతలు అడ్డంగా వెళ్లి దాన్ని తాకగానే పైకి మళ్లించండి.

(తెర మీద: సైడ్ వ్యూ మీద జూమ్. పలకకూ కాలికీ మధ్య ఒక గీత మెరుస్తుంది.)

ఇక్కడ ఆగండి. పక్క నుంచి ఒకటే కాలు కనిపిస్తుంది, రెండోది దాని వెనక పూర్తిగా దాక్కుంది, అందుకే దానికి విడిగా గీత లేదు. మరి పలక కింద ఈ అడ్డగీత ఎందుకు వచ్చింది? కాలు 50 లోపలికి ఉంది, పలక ముందుకు ఉంది. రెండు తలాలు వేర్వేరు లోతుల్లో ఉన్నాయి కాబట్టి అంచు ఉంది. పీట మొత్తం ఒకే దుంగలోంచి చెక్కి, కాలిని పలక చివరకు సమంగా ఉంచితే ఆ గీత ఉండదు, ఒకే తలం అయిపోతుంది. పరీక్షల్లో మార్కులు ఎక్కువగా ఇలాంటి చోటే పోతాయి.

చిన్న కథ. ఈ విద్యను ఒక శాస్త్రంగా కూర్చినవాడు ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్. 1760ల్లో మెజియేర్ సైనిక ఇంజినీరింగ్ పాఠశాలలో ఆయనకు కోట కట్టడానికి సంబంధించిన లెక్క ఒకటి అప్పగించారు. శత్రువు గుండు తగలకుండా ఏ గోడ ఎక్కడ, ఎంత ఎత్తు లేపాలి అని. అంకెలతో చేస్తే తెమలని పని అది. మోంజ్ గీతలతో తేల్చేశాడు. ఇంత తొందరగా ఎలా అయిందని పై అధికారి ముందు నమ్మలేదు. నమ్మాక ఆ పద్ధతిని సైనిక రహస్యంగా దాచిపెట్టారు. 1795లో పారిస్‌లో ఆయన పాఠాలు చెప్పాకే అది అందరికీ అందింది.

మనకు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పుస్తకం ఎస్పీ 46 ప్రకారం ఫస్ట్ యాంగిల్. అమెరికాలో థర్డ్ యాంగిల్. అక్కడ ప్లేన్ మనిషికీ వస్తువుకీ మధ్య, కిటికీ అద్దంలా ఉంటుంది. పై నుంచి చూసింది పైనే, ఎడమ నుంచి చూసింది ఎడమనే. షీట్ మూలన ఉండే గుర్తు, శంకువు తల కోసినట్టుండే బొమ్మా రెండు వృత్తాలూ, ఏ పద్ధతో చెబుతుంది. వృత్తాలు రెండూ నిండు గీతలే, అంటే చిన్న చివర వైపు నుంచి చూశారన్నమాట. ఆ చిన్న చివర వృత్తాలకు దూరంగా ఉంటే ఫస్ట్, దగ్గరగా ఉంటే థర్డ్.

నేను ఆ గుర్తును చాలాకాలం అలంకారం అనుకున్నాను. చదువుకునే రోజుల్లో ఒక ప్రాజెక్టుకి ఎల్ ఆకారపు బ్రాకెట్ కావాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్న ధోరణిలో టాప్ వ్యూని ఫ్రంట్ వ్యూ పైన గీసి, గుర్తు వేయకుండా ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చాను. అక్కడి పెద్దాయన ఫస్ట్ యాంగిల్ మనిషి. ఫ్రంట్ వ్యూ పైన ఉన్నది ఆయన లెక్కలో కింద నుంచి చూసిన బొమ్మ. ముందు అంచు దగ్గర ఉండాల్సిన చిల్లు వెనక అంచు దగ్గరికి పోయింది. కుడి కాలి చెప్పు అడిగితే ఎడమది వచ్చినట్టు. తిప్పి చూశాను, బోర్లించి చూశాను, బిగించే దారే లేదు. "బాబూ, గుర్తేది?" అన్నాడాయన, అంతే. డబ్బులు ఇచ్చి వచ్చేశాను.

(తెర మీద: ఆ బ్రాకెట్, అరచేతిలో.)

ఇదే అది. ఈసారి నేను అసలు అడగాలనుకున్న బ్రాకెట్ కొలతలు చెబుతాను, మీరు గీయండి. అడుగు పలక 100 బై 60, మందం 10. ఎడమ చివర నిలువు పలక, వెడల్పంతా, మందం 10, అడుగుతో కలిపి ఎత్తు 60. మొత్తం ఒకే ముక్క. అడుగు పలకలో 12 వ్యాసం చిల్లు, పై నుంచి కింద దాకా, సెంటరు ముందు అంచు నుంచి 15, కుడి అంచు నుంచి 30. మూడు వ్యూలూ ఫస్ట్ యాంగిల్‌లో వేయండి. ఎడమ నుంచి చూసిన సైడ్ వ్యూలో డ్యాష్ గీతలు మూడు రావాలి. రెండే వస్తే, నిలువు పలక వెనక ఏం దాగిందో ఇంకోసారి చూడండి.