పిల్లలు రెజ్లింగ్‌లో చేరతామంటే: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. నవంబర్ వచ్చిందంటే అమెరికా హైస్కూళ్లలో రెజ్లింగ్ సీజన్ మొదలైనట్టే. ఇక్కడి ఒక స్కూల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న మన తెలుగాయన ఇవాళ మనతో ఉన్నారు. మొదటి ఫోన్ టెక్సస్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. మా వాడు తొమ్మిదో తరగతి. రెజ్లింగ్‌లో చేరతానని ఫారాలు తెచ్చి సంతకం పెట్టమంటున్నాడు. టీవీలో కుర్చీలెత్తి కొట్టుకోవడం చూసి నాకు ఒకటే టెన్షన్.

కోచ్: అది షో అమ్మా, దీనికీ దానికీ సంబంధం లేదు. స్కూళ్లలో ఆడేది ఫోక్‌స్టైల్ అనే పద్ధతి. కొట్టడం, తన్నడం, గొంతు నొక్కడం ఏవీ కుదరవు, వేళ్లు వెనక్కి విరిచినా పెనాల్టీ పడుతుంది. రెండేసి నిమిషాల పీరియడ్లు మూడు. ఎదుటివాణ్ని కింద పడేసి అదుపులో పెట్టుకుంటే టేక్‌డౌన్, దానికి 3 పాయింట్లు (ఇదివరకు 2 ఉండేవి, 2024-25 సీజన్ నుంచి పెంచారు). కింద ఉన్నవాడు విడిపించుకుంటే 1, తిరగబడి పైచేయి సాధిస్తే 2. రెండు భుజాల రెక్కలూ మ్యాట్‌కు 2 సెకన్లు ఆనించి పట్టుకుంటే పిన్, స్కోరు ఎంతున్నా ఆట అక్కడితో సరి. మన ఊళ్లలో కుస్తీ చూసినవాళ్లు ఈ సంగతి చిటికెలో పట్టేస్తారు.

కాలర్: మరి దెబ్బలండీ?

కోచ్: తగలవని చెప్పను. చెవులకు హెడ్‌గేర్ తప్పనిసరి, ప్రాక్టీస్‌లో కూడా తీయనివ్వకండి. చెవి నలిగి లోపల రక్తం చేరితే అది అలాగే గట్టిపడిపోతుంది, అందుకని ఉబ్బిన రోజే డాక్టర్‌కు చూపించాలి. పళ్లకు బ్రేసెస్ ఉంటే మౌత్‌గార్డ్ కావాలి. అయితే తల్లిదండ్రులు అస్సలు పట్టించుకోనిది చర్మం. తామర, హెర్పిస్ లాంటివి ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అంటుకుంటాయి. ప్రాక్టీస్ అవగానే స్నానం, బట్టలు బ్యాగులో మగ్గనివ్వకుండా నేరుగా వాషర్‌లోకి. మెడ మీద గుండ్రంగా ఎర్రమచ్చ కనిపిస్తే దాచొద్దు, మ్యాచ్‌కు ముందు రిఫరీ ఎలాగూ చూస్తాడు, డాక్టర్ రాసిచ్చిన ఫారం లేకపోతే ఆడనివ్వడు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ న్యూజెర్సీ నుంచి.

కాలర్: మా అబ్బాయి 131 పౌన్లు సార్. 126 పౌన్ల బరువు క్లాసులో చోటుందని రెండ్రోజులుగా అన్నం ముట్టట్లేదు, ట్రాష్ బ్యాగ్ తొడుక్కుని పరిగెడుతున్నాడు.

కోచ్: ఈ ఒక్కటీ గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ బ్యాగ్ ఇవాళే తీయించండి. 1997లో ఇలాగే చెమట పట్టించి బరువు దించుకుంటూ ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు నెల పైచిలుకు వ్యవధిలో చనిపోయారు. ఆ తర్వాతే నియమాలు బిగించారు. సీజన్ ముందు మూత్ర పరీక్ష చేసి ఒంట్లో నీళ్లు సరిపడా ఉన్నాయో లేదో చూస్తారు, కొవ్వు కొలుస్తారు, అబ్బాయిలకు 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కంటే తగ్గకుండా కనీస బరువు ఖాయం చేస్తారు. వారానికి ఒంటి బరువులో 1.5 శాతానికి మించి తగ్గకూడదు. మీవాడికి అది రెండు పౌన్లు కూడా కాదు, 126కు రావాలంటే మూడు వారాలు పడుతుంది. అయినా 132 క్లాసు ఉండగా 131 ఉన్నవాడు కడుపు మాడ్చుకోవడం ఎందుకు?

కాలర్: అందులో సీనియర్ ఒకడు గట్టిగా ఉన్నాడు సార్.

కోచ్: ఉండనివ్వండి, ఈ ఏడాది జేవీలో, అంటే స్కూల్ రెండో జట్టులో ఆడతాడు. కొత్తవాడికి కావాల్సింది ఎక్కువ మ్యాచ్‌లు, వార్సిటీ (మొదటి జట్టు) జాకెట్ కాదు. పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల బరువు ఎక్కువై ఫైనల్ పోగొట్టుకున్నప్పుడు మనమంతా బాధపడ్డాం కదా, అది ఒలింపిక్స్, ఆమె ఎన్నో ఏళ్ల అనుభవమున్న మనిషి. మీవాడు ఎదిగే పిల్లాడు. ఇవాళ రాత్రికి పప్పన్నం, పెరుగు, గుడ్డు పెట్టండి. రేపు మీరే వెళ్లి వాళ్ల కోచ్‌తో మాట్లాడండి.

వ్యాఖ్యాత: ఇంకొకరు లైన్లో ఉన్నారు.

కాలర్: అంకుల్, మాదీ న్యూజెర్సీయే, పదో తరగతి అమ్మాయిని. నేను రెజ్లింగ్‌లో చేరతానంటే ఆ డ్రెస్ చూసి నాన్న వద్దంటున్నారు.

కోచ్: మీ రాష్ట్రంలో 2019 నుంచి అమ్మాయిలకు వేరుగా స్టేట్ పోటీలున్నాయమ్మా. సింగ్లెట్టే (ఒంటికి అతుక్కునే ఆ ఒకే ముక్క డ్రెస్) వేసుకోవాలని లేదు, ఒంటికి పట్టి ఉండే టీషర్టు, షార్ట్స్ కూడా రూల్స్ ఒప్పుకుంటాయి. నాన్నగారిని ఒక సాయంత్రం ప్రాక్టీస్‌కు తీసుకెళ్లు, మీ కోచ్‌తో నేరుగా మాట్లాడనివ్వు. ముందైతే డాక్టర్ దగ్గర ఫిజికల్ (ఆరోగ్య పరీక్ష) చేయించుకో, అది లేకుండా మొదటి రోజే మ్యాట్ ఎక్కనివ్వరు.