గుర్రం కాని జాకీ: మంచి కోచ్ కావాలంటే ఆడి ఉండాలా?

[తెర మీద: ప్రాక్టీస్ కోర్టు. రాకెట్ పట్టుకుని ఒక పిల్లాడు, పక్కన కోచ్.]

"చూడు, ఇలా కొట్టాలి." కోచ్ కొట్టి చూపిస్తాడు. షాట్ అద్భుతం. పిల్లాడు కొడితే నెట్‌కి తగిలింది. "అలా కాదురా, ఇలా!" మళ్ళీ అద్భుతం. మళ్ళీ నెట్.

ఏదో ఒక ఆట నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సీన్ తెలుసు. కోచ్‌కి ఆట రాదని ఎవరూ అనలేరు, షాట్ ఆయన చేతిలోనే ఉంది. ఆ 'ఇలా'లో ఏముందో మాత్రం విప్పి చెప్పలేకపోతున్నాడు. మరి ఆ షాట్ ఎప్పుడూ సరిగ్గా కొట్టలేని మనిషి వచ్చి నేర్పితే వినబుద్ధేస్తుందా? అదీ అనుమానమే.

[తెర మీద: 1987, మిలాన్]

1987లో ఇటలీలో ఏసీ మిలాన్ ఫుట్‌బాల్ క్లబ్బు అరిగో సాకీని కోచ్‌గా తెచ్చుకుంది. ఆయన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఒక్కరోజు కూడా ఆడలేదు. బూట్ల వ్యాపారంలో పనిచేసిన మనిషి. ఏం ఆడాడని ఈయన స్టార్లకి నేర్పుతాడు అని అందరూ మొదలెట్టారు. ఆయన జవాబు ఇప్పటికీ కోచ్‌ల నోళ్ళలో నానుతూనే ఉంది: గుర్రప్పందెంలో స్వారీ చేసే జాకీ కావాలంటే ముందు గుర్రమై పుట్టాలని నాకు తెలీదే! మొదటి సీజన్లోనే ఇటలీ లీగ్ టైటిల్ వచ్చింది. 1989, 1990లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు.

[తెర మీద: మూడు ఫొటోలు పక్కపక్కన]

దీని వెంట మామూలుగా వచ్చేది రెండో జాబితా, కోచ్‌లుగా తేలిపోయిన గొప్ప ఆటగాళ్ళది. ఐస్ హాకీలో వేన్ గ్రెట్స్‌కీవి 2,857 పాయింట్లు, దరిదాపుల్లో ఇంకొకరు లేరు. అదే మనిషి 2005 నుంచి 2009 దాకా నాలుగు సీజన్లు ఫీనిక్స్ కయోటీస్‌కి కోచ్‌గా ఉంటే, ఆ జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. బాస్కెట్‌బాల్ దిగ్గజం మ్యాజిక్ జాన్సన్ 1994లో తన సొంత జట్టు లేకర్స్‌కే 16 మ్యాచ్‌లు కోచింగ్ చేశాడు. గెలిచినవి 5, ఓడినవి 11, చివరి పదీ వరస ఓటములే. మారడోనా కోచ్‌గా అర్జెంటీనా 2010 ప్రపంచ కప్‌కి వెళ్ళి క్వార్టర్ ఫైనల్లో జర్మనీ చేతిలో 0-4తో ఇంటిదారి పట్టింది.

"గొప్ప ఆటగాళ్ళు మంచి కోచ్‌లు కాలేరు" అని ఇక్కడే వీడియో ముగించేయొచ్చు. చాలామంది ముగిస్తారు కూడా. మరి ఫ్రాన్స్ ఫుట్‌బాల్ దిగ్గజం జిదాన్‌ని ఎక్కడ పెడతాం? కోచ్‌గా రియల్ మాడ్రిడ్ క్లబ్బుకి 2016, 2017, 2018లో వరసగా మూడు చాంపియన్స్ లీగులు గెలిపించాడు. పుల్లెల గోపీచంద్? 2001లో ఆల్ ఇంగ్లండ్ చాంపియన్. ఆయన దగ్గర తయారైన సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పీవీ సింధు 2016లో రజతం తెచ్చారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అమాండా గూడాల్, లారెన్స్ కాన్, ఆండ్రూ ఆస్వాల్డ్ అనే పరిశోధకులు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్‌ల లెక్కలు తీసి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొత్తం మీద, తమ రోజుల్లో మేటి ఆటగాళ్ళుగా వెలిగినవాళ్ళు కోచ్‌లైన జట్లే ఎక్కువ గెలిచాయని తేలింది. సాకీ జోకుతో ఈ లెక్క కొట్టుకుపోదు.

అంటే పేర్లు ఏరుకుంటూ పోతే ఎటువైపు వాదించినా గెలవొచ్చు. నేనైతే ఆ పేర్లు అక్కడిదాకా ఏ దారిలో వచ్చాయో చూస్తాను.

[తెర మీద: రెండు మెట్ల దారులు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి.]

పెద్ద ఆటగాడికి కోచ్ ఉద్యోగం పిలిచి ఇస్తారు. ఆడనివాడికి ఎవరిస్తారు? వాడు కుర్రాళ్ళ జట్టు దగ్గర మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి గెలిచి చూపిస్తేగానీ పై మెట్టు ఎక్కనివ్వరు. సాకీ మిలాన్‌కి వచ్చేనాటికి పదేళ్ళకు పైగా చిన్న క్లబ్బుల్లో, యూత్ జట్లలో కోచింగే చేస్తున్నాడు. మిలాన్ కంట్లో పడింది కూడా రెండో డివిజన్ జట్టు పార్మాతో వాళ్ళనే ఓడించి! బాస్కెట్‌బాల్‌లో ఎరిక్ స్పోల్‌స్ట్రా ఎన్‌బీఏలో ఎప్పుడూ ఆడలేదు. 1995లో మయామీ హీట్ జట్టులో చేరి వీడియో గదిలో కూర్చుని మ్యాచ్ టేపులు చూసే పని చేశాడు. హెడ్ కోచ్ అయ్యేసరికి 2008 వచ్చింది. 2012, 2013లో టైటిళ్ళు.

గ్రెట్స్‌కీకి కయోటీస్ పగ్గాలు ఇచ్చేనాటికి కోచింగ్ అనుభవమే లేదు. మ్యాజిక్‌కీ లేదు. జిదాన్ మాత్రం రియల్ మాడ్రిడ్‌లో అప్పటి కోచ్ ఆంచెలోటీ పక్కన అసిస్టెంట్‌గా ఒక సీజన్ ఉన్నాడు, తర్వాత ఏడాదిన్నర అదే క్లబ్బు రెండో జట్టుని నడిపాడు. 2016 జనవరిలోగానీ పెద్ద జట్టు చేతికి రాలేదు. అంత పేరున్న జిదానే క్యూలో నిలబడ్డాడు!

ఆడటం ఒక ఆట, నేర్పడం ఇంకో ఆట. ఆ రెండో ఆటకీ నెట్ ప్రాక్టీస్ కావాలి. మొదటి దాంట్లో సెంచరీ కొట్టినంత మాత్రాన రెండో దాంట్లో స్కోరు బోర్డు మీద పరుగులు పడవు.

[తెర మీద: బూటు లేసు, దగ్గరగా]

మరి అన్నేళ్ళు ఆడినవాడికి చెప్పడం ఎందుకు రాదు? చేతులు కదపకుండా, మాటల్లో మాత్రమే, బూటు లేసు ఎలా కట్టాలో పక్కవాళ్ళకి చెప్పి చూడండి. రోజూ చేసే పనే. మూడో వాక్యానికి నాలుక తడబడుతుంది.

సయన్ బైలాక్, థామస్ కార్ అనే మనస్తత్వవేత్తలు 2001లో ఇదే విషయాన్ని గోల్ఫ్ ఆటగాళ్ళ మీద పరీక్షించారు. బంతిని గుంతలోకి నెట్టమని, ఆ తర్వాత ఇప్పుడు ఏం చేశారో చెప్పమని అడిగారు. ఆట బాగా వచ్చినవాళ్ళు ఆ ఒక్క దెబ్బ గురించి కొత్తవాళ్ళ కన్నా తక్కువ గుర్తుపెట్టుకున్నారు! మామూలుగా ఎలా కొట్టాలో అడిగితే పాఠం బాగానే చెప్పారు. చేతులు ఇప్పుడే చేసిన పని మాత్రం తలలో నిలవలేదు. ఒంటికి అలవాటైపోయిన పనికి బుర్ర కాపలా కాయదు కదా.

నాకు బాగా నచ్చింది ఆ ప్రయోగంలో రెండో భాగం. ఈసారి వంకరటింకర ఆకారంలో ఉన్న పటర్, అంటే బంతిని గుంతలోకి నెట్టే కర్ర, చేతికిచ్చారు. అంతే, ఆరితేరినవాళ్ళకి కూడా ఒక్కో అడుగు గుర్తుండటం మొదలైంది. చెయ్యి తనంతట తాను చేయలేకపోయేసరికి బుర్ర పనిలోకి దిగింది.

ఇక్కడి నుంచి చెప్పేది నా ఊహ, ప్రయోగంలో లేదు. గాయం కూడా అలాంటి వంకర పటరే అనిపిస్తుంది. జర్మన్ కోచ్ థామస్ టూహెల్ మోకాలు దెబ్బతిని ఇరవైల్లోనే ఫుట్‌బాల్ ఆపేశాడు. ఆయన కింద ఆడిన జూలియన్ నాగెల్స్‌మన్ కూడా మోకాలి వల్లే ఇరవయ్యేళ్ళకే ఆట వదిలేశాడు. ప్రత్యర్థుల ఆట చూసి రమ్మని ఆ కుర్రాడిని పంపింది టూహెలే. 2016లో, 28 ఏళ్ళకే, నాగెల్స్‌మన్ జర్మనీ టాప్ లీగ్‌లో హాఫెన్‌హైమ్ కోచ్ అయ్యాడు. గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచింది కూడా మోకాలి ఆపరేషన్ల తర్వాతే. తన ఒంటిని తానే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చినవాడికి 'ఇలా' అనే మాట సరిపోదని అర్థమవుతుంది.

[తెర మీద: బౌలింగ్ మెషిన్, బ్యాట్స్‌మన్ తలకి కెమెరా]

ఇంకో చిక్కు. ఆటగాడు తను ఏం చేస్తున్నానని అనుకుంటాడో, నిజంగా చేసేది అది కాకపోవచ్చు. "బంతిని బ్యాట్‌కి తగిలేదాకా చూస్తూ ఉండు" అనేది క్రికెట్‌లో మొదటి పాఠం. మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియాడ్ 2000లో ముగ్గురు బ్యాట్స్‌మెన్ కంటి చూపు ఎటు పోతుందో కెమెరాతో రికార్డు చేశారు. బంతి విడుదలైన క్షణం చూస్తారు. ఆ వెంటనే చూపు బంతిని వదిలేసి, అది పిచ్ మీద ఎక్కడ పడుతుందో అక్కడికి ముందే దూకి కాచుకుని ఉంటుంది. మంచి బ్యాట్స్‌మన్ చూపు ఇంకా త్వరగా దూకుతుంది. ఇది ఏ బ్యాట్స్‌మన్‌ని అడిగినా చెప్పేది కాదు. పక్కన కూర్చుని, కొలిచి, చూసినవాడికే దొరికింది.

[తెర మీద: డ్రెస్సింగ్ రూమ్ తలుపు]

అయితే ఆడి ఉండటం వల్ల లాభమే లేదా? బోలెడు ఉంది, ముఖ్యంగా మొదటి వారంలో. జాన్ బుకానన్ ఆస్ట్రేలియా క్రికెట్ జట్టుకి కోచ్ అయినప్పుడు ఆయన ఖాతాలో ఉన్నవి ఏడే ఏడు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు. 2003, 2007 ప్రపంచ కప్పులు ఆయన హయాంలోనే వచ్చాయి. అయినా షేన్ వార్న్ ఆయన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. కోచ్ అంటే గ్రౌండ్‌కి వెళ్ళడానికి ఎక్కే బండి అని ఎగతాళి చేశాడు. అన్ని గెలుపుల తర్వాత కూడా! అదే మాజీ స్టార్ వస్తే నోరు విప్పకముందే అందరూ వింటారు. ఆ గౌరవం ఎన్నాళ్ళుంటుందంటే, మొదటి చెత్త ప్రాక్టీస్ ప్లాన్ దాకా.

ఇంకొకటి, టెన్షన్. ఫైనల్లో చేతులు వణికితే ఎలా ఉంటుందో వీడియో గదిలో తెలీదు. ఓడిన రాత్రి ఆటగాడితో మాట్లాడాలా, వదిలేయాలా అనేది కూడా ఒకసారి అలా ఓడినవాడికే తొందరగా తడుతుంది. జిమ్నాస్టిక్స్ లాంటి ఆటల్లో మరీను. పిల్ల గాల్లో తిరుగుతుండగా సరిగ్గా ఆ క్షణానికి కోచ్ చెయ్యి అడ్డు పెట్టాలి, అది పుస్తకం చదివితే వచ్చేది కాదు. అలాగని ప్రపంచ చాంపియనే కానక్కర్లేదు. ఆ ఆట ఎలా ఉంటుందో ఒంటికి తెలిసేంత ఆడితే నా లెక్కలో చాలు.

ఆ కొంచెం ఎంత కొంచెం అంటారా? సచిన్ గురువు రమాకాంత్ అచ్రేకర్ ఆడింది ఒకే ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్. స్టంప్స్ మీద రూపాయి బిళ్ళ పెట్టి, సచిన్‌ని అవుట్ చేసినవాడికి ఆ బిళ్ళ అనేవారు. సెషనంతా నాటౌట్‌గా ఉంటే సచిన్‌దే. సచిన్ అలా 13 బిళ్ళలు గెలుచుకుని దాచుకున్నాడు. ఆ పద్ధతిలో బ్యాటింగ్ గురించి ఒక్క మాట లేదు చూడండి. అలసిపోయిన కుర్రాడు చివరి పావుగంటలో వికెట్ పారేసుకోకుండా ఉండటానికి కావలసినదంతా మాత్రం ఆ ఒక్క బిళ్ళలో ఉంది.

[తెర మీద: మళ్ళీ మొదటి కోర్టు. పిల్లాడు, కోచ్.]

పిల్లల్ని ఎక్కడైనా చేర్పించే ముందు గోడ మీది కప్పుల్ని కాసేపు వదిలేసి, ఒక గంట ప్రాక్టీస్ చూడండి. ఒక పిల్లాడు ఒకే తప్పు మూడోసారి చేసేదాకా ఆగండి. అప్పుడు కోచ్ అదే మాటని ఇంకొంచెం గట్టిగా అరుస్తున్నాడా? లేక పిల్లాడి పాదాల వైపు చూసి, దగ్గరికి వెళ్ళి, రాకెట్ పక్కన పెట్టించి, "ముందు ఊరికే అడుగులు వేసి చూపించు" అంటున్నాడా?