నీళ్ల ట్యాంకు దగ్గర నేర్చుకున్న ఉద్యోగం

శ్రోతలందరికీ నమస్కారం.

పొద్దున్నే నల్లా తిప్పితే నీళ్లొస్తాయి. అంతకుముందు ఏ రాత్రి రెండింటికో ఎక్కడో ఒక పంపు ఆన్ అయి ఉంటుంది, ఒక వాల్వు తెరుచుకుని ఉంటుంది, ట్యాంకు నిండగానే ఆ పంపు ఆగి ఉంటుంది. ఒకప్పుడు ఇదంతా మనిషి నిద్ర మానుకుని చేసేవాడు. ఇప్పుడు చాలాచోట్ల సెన్సర్లు, పంపుల్ని నడిపే చిన్న కంప్యూటర్లుండే పీఎల్‌సీ ప్యానెళ్లు, అన్నింటినీ ఒకే స్క్రీన్ మీద చూపించే స్కాడా చేస్తున్నాయి. ఆ సామాను అమ్మే ఇంజినీర్‌ని నేను.

ఇంజినీరింగ్ చదివి సేల్స్ ఏంట్రా అని మా అమ్మ చాలా రోజులు బాధపడింది. ఇప్పటికీ పిల్లల తల్లిదండ్రులు నన్ను అదే అడుగుతుంటారు. అందుకే ఈ పని ఎలా ఉంటుందో చెబుతాను.

ముందు, ఈ అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌కు కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి నగరం కంటే ఎత్తున ఉన్నాయి, నీళ్లు వాటంతటవే ఊళ్లోకి దిగేవి. నీరు పల్లమెరుగు కదా. ఇప్పుడు నగరం ఎక్కువగా తాగేది కృష్ణా, గోదావరి నీళ్లు. నాగార్జున సాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా, మజిలీ మజిలీకీ పంపులతో ఎత్తి తేవాలి. ఎత్తే ప్రతి చుక్కకూ కరెంటు బిల్లు ఉంటుంది. ఎంత ఎత్తాం, ఎంత చేరింది, మధ్యలో ఎంత పోయింది అనే లెక్క ఎవరో ఒకరు చూడాలి. మా సామాను చేసేది ఆ లెక్కే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న మున్సిపాలిటీకి లెవెల్ సెన్సర్ అమ్మాను. అది ట్యాంకు పైకప్పులో కూర్చుని నీటి మీదకు శబ్దం పంపుతుంది, ఆ శబ్దం తిరిగొచ్చే టైమును బట్టి నీళ్లు ఎంత ఉన్నాయో చెబుతుంది. పైకప్పులో ఖాళీ రంధ్రం కనిపిస్తే అక్కడే బిగించమన్నాను. దాని పక్కనే నీళ్లు పడే పైపు ఉంది. పైనుంచి ధార పడుతుంటే శబ్దం సరిగా తిరిగి రాదు. స్క్రీన్ మీద ఒక నిమిషం మూడు మీటర్లు, మరు నిమిషం ఒకటి. పంపు ఊరికే ఆన్, ఆఫ్. వారం తిరక్కుండానే ఆపరేటర్ దాన్ని మాన్యువల్‌లో పెట్టేశాడు.

టెన్షన్‌గా వెళ్లాను. ఆయనకు యాభై దాటి ఉంటాయి. నన్ను ఏమీ అనలేదు, ట్యాంకు కిందికి తీసుకెళ్లి గోడ వైపు చూపించాడు. గోడ మీద తెల్లరంగుతో గీసిన మీటర్ల గీతలు, వాటి ముందు తాడుకు వేలాడే ఇనుప గుండు. తాడు రెండో కొస లోపల నీటి మీద తేలే డబ్బాకు కట్టి ఉంది. ట్యాంకు నిండేకొద్దీ గుండు కిందికి దిగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ పైకి పోతుంది. "ఇది ఇరవై ఏళ్లుగా ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు సార్" అన్నాడు.

సెన్సర్‌ని ధారకు దూరంగా మార్చాం. తర్వాత రెండు రోజులూ ఆపరేటర్ పక్కనే కూర్చుని గుండు చూపే అంకె, స్క్రీన్ అంకె కలిపి చూసుకున్నాడు. నాలుగు మిల్లీయాంపుల సంగతి కూడా అడిగి తెలుసుకున్నాడు. చాలా సెన్సర్లు తమ కొలతను నాలుగు నుంచి ఇరవై మిల్లీయాంపుల కరెంటుగా పంపుతాయి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే నాలుగు, నిండితే ఇరవై. సున్నా దగ్గర ఎందుకు మొదలుపెట్టలేదన్నాడు. సున్నా అయితే ట్యాంకు ఖాళీ అయిందో వైరు తెగిందో తెలియదు కదన్నా, నాలుగు వస్తోందంటే వైరు బతికి ఉన్నట్టే అన్నాను. తలూపాడు.

ఇంకో సంగతి. పంపు వేగాన్ని తగ్గించే డ్రైవ్‌లు కూడా అమ్ముతాం. యాభై హెర్ట్జ్ మీద తిరిగే పంపును నలభైకి తగ్గిస్తే, లెక్క ప్రకారం కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. అందరికీ ఈ మాట చెప్పి అమ్మేయవచ్చు. కానీ పైపులో రాపిడిని దాటడానికే పంపు శ్రమంతా పోతున్న చోటే ఆ లెక్క నిలుస్తుంది. ముప్పై మీటర్ల ఎత్తున్న ట్యాంకుకు నీళ్లెక్కించే పంపుకు అంత ఆదా ఉండదు. మరీ తగ్గిస్తే పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పైకి చేరవు. అలాంటి చోట "మీకిది అక్కర్లేదండీ" అని చెప్పాలి. నెలాఖరున టార్గెట్ మెడ మీద ఉన్నప్పుడు ఆ మాట గొంతు దాటి రావడం కష్టం. నేను చెప్పాను. ఆ నెల నష్టపోయాను కూడా. అలా నేను వద్దని చెప్పిన అసిస్టెంట్ ఇంజినీర్ గారే తర్వాత ఫ్లో మీటర్ల (పైపులో ఎన్ని నీళ్లు పారుతున్నాయో కొలిచేవి) ఎస్టిమేట్ వేసేటప్పుడు నన్ను పిలిచారు.

అసలు పనంతా ఆ ఎస్టిమేట్ దగ్గరే, అంటే ఏ సామాను ఎక్కడ పెట్టాలో ముందే రాసుకునే చోటే ఉంటుంది. టెండర్ తెరిచే రోజు తక్కువ ధర ఎవరిదో చూస్తారు, అంతే. ఉదాహరణకు, ఫ్లో మీటర్‌కు ముందు సాధారణంగా పైపు వ్యాసానికి ఐదింతలు తిన్నని పైపు ఉండాలి. మూడు వందల మిల్లీమీటర్ల పైపైతే మీటరున్నర. ఆ జాగా డ్రాయింగ్‌లో లేకపోతే, ఎంత మంచి మీటర్ పెట్టినా తప్పు లెక్కే చూపిస్తుంది.

ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, మెకానికల్ చదివినవాళ్లు ఈ పనికి రావచ్చు, డిప్లొమా అయినా సరే. అయితే మొదటి రెండేళ్లు సర్వీసులో చేయండి. ప్యానెల్ తలుపు తీసి, మల్టీమీటర్ పట్టుకుని, దోమల మధ్య పంప్ హౌస్‌లో రాత్రి గడపండి. ఆర్డర్ చేతికి రావడానికి ఒక్కోసారి ఏడాది దాటుతుంది, ప్రయాణాలు ఎక్కువ, డబ్బులు ఆలస్యంగా వస్తాయి. ఇవన్నీ ఇంట్లో చెప్పి మరీ రండి.

పోయిన వానాకాలం ఆ ఆపరేటర్ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. సెన్సర్ మళ్లీ పోయిందేమో అనుకుంటూ ఎత్తాను.

"నాలుగు కూడా రావట్లేదు సార్. వైరు తెగినట్టుంది. ఎలుకలు కొరికాయి, చూశాను. పొద్దున్న ఎలక్ట్రీషియన్ వస్తాడు, ఈ రాత్రికి గుండు చూసి నడిపించుకుంటా. మీకు చెబుదామని చేశాను."