మెంతి గింజ నుంచి దారుహరిద్ర దాకా: పేగులో జరిగే పని

సభకు నమస్కారం.

మధుమేహం ఉన్న ఇంట్లో మెంతులు నానబెట్టిన గ్లాసు లేకపోవడం అరుదు. ఆ గ్లాసును నేను చులకన చేయబోవడం లేదు. అయితే గింజలోని పదార్థం నేరుగా రక్తంలోకి వెళ్లి చక్కెరను దించేస్తుందన్న ఊహ మాత్రం సరికాదు. మొక్కలు తయారుచేసే పదార్థాల్లో చాలావాటిని మన పేగు అంతగా పీల్చుకోలేదు. అవి పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతాయి, లేదా వాటి చేతిలో రూపు మార్చుకుంటాయి, ఒక్కోసారి వాటినే అణచివేస్తాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన పరిశీలనలో, టైప్ 1 మధుమేహం ఉన్నవారికి నూనె తీసిన మెంతిపొడిని రోజుకు 100 గ్రాముల చొప్పున, రెండు పూటల భోజనంలో కలిపి 10 రోజులు ఇచ్చారు. పరగడుపు చక్కెర తగ్గింది, 24 గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. 100 గ్రాములన్న మాటను గమనించండి. మన గ్లాసులో నానేది ఒక చెంచా. మెంతుల్లోని గెలాక్టోమానన్ అనే జిగురు, అన్నంలోని పిండిపదార్థం చక్కెరై రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఇంతవరకు బ్యాక్టీరియాతో పనిలేదు. అదే జిగురు పెద్దపేగుకు చేరాక బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలను తయారుచేస్తుంది. ఇవి పేగు గోడలోని ఎల్ కణాలను ప్రేరేపిస్తే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వెలువడి, భోజనం తర్వాత క్లోమం ఇన్సులిన్ విడుదల చేసేందుకు తోడ్పడుతుంది. మధుమేహానికి వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ అనుకరించేది ఈ హార్మోన్‌నే. నీళ్లు తాగి గింజలు పారబోసేవారు ఆ పీచులో చాలా భాగాన్ని పారబోస్తున్నారన్నమాట.

దానిమ్మది మరో కథ. అందులోని ఎల్లాజిటానిన్లు అనే పదార్థాలను కొన్ని బ్యాక్టీరియాలు యూరోలిథిన్‌-ఎ అనే పదార్థంగా మారుస్తాయి. ఎలుకల్లో ఇది ఇన్సులిన్ పనితీరును మెరుగుపరిచింది. ఆ మార్పిడి చేయగల బ్యాక్టీరియా కడుపులో లేనివారికి మాత్రం, అనంతపురం తోటల పండ్లు ఎన్ని తిన్నా, యూరోలిథిన్‌-ఎ ఏర్పడదు. పక్కింటివారికి పనిచేసింది మనకెందుకు పనిచేయలేదన్న ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడ ఉంది.

ఈ రంగంలో తొందరపాటు కూడా జరిగింది. మధుమేహుల పేగు బ్యాక్టీరియాలో కనిపించిన తేడాలను జబ్బు లక్షణాలుగా భావిస్తుండగా, 2015లో 784 మంది నమూనాలను విశ్లేషించిన పరిశోధకులు వాటిలో కొన్ని జబ్బువి కావని, మధుమేహానికి వారు వాడే మెట్‌ఫార్మిన్ మాత్రవని తేల్చారు. కాబట్టి మందులు ఇంకా మొదలుపెట్టని రోగులపై చేసిన పరీక్షలకు విలువ ఎక్కువ.

అలాంటిదే చైనాలో జరిగిన బెర్బెరిన్ పరీక్ష. హిమాలయాల దారుహరిద్రకూ మన అడవుల మానుపసుపుకూ పసుపు రంగునిచ్చేది ఈ పదార్థమే. వంటింటి పసుపుతో దీనికి చుట్టరికం లేదు. చైనాలో చాలాకాలంగా విరేచనాలు తగ్గించేందుకు వాడుతున్న ఈ మందును, కొత్తగా టైప్ 2 మధుమేహం బయటపడిన 409 మందిపై, ప్రొబయోటిక్‌తోనూ (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న మందు) ఉత్తుత్తి మాత్రతోనూ పోల్చి 12 వారాలు పరీక్షించి, 2020లో ఫలితాలు వెల్లడించారు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ, బెర్బెరిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 0.99, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 0.59 శాతం పాయింట్లు తగ్గింది. ప్రొబయోటిక్ ఒక్కటే ఇచ్చినవారిలో తగ్గింది 0.53; అంటే ఉత్తుత్తి మాత్రకన్నా అది మెరుగేమీ కాదు. బెర్బెరిన్ రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. రూమినోకాకస్ బ్రోమీ అనే బ్యాక్టీరియా పిత్తరసపు ఆమ్లాలను డీఆక్సీకోలిక్ ఆమ్లంగా మార్చడాన్ని బెర్బెరిన్ అడ్డుకోవడమే ఈ ఫలితానికి ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. బెర్బెరిన్ తీసుకున్నవారిలో కడుపు ఇబ్బందులూ ఎక్కువగానే కనిపించాయి. పైగా కాలేయంలో ఇతర మందులను విడగొట్టే ఎంజైములను అది అణచగలదు. అందువల్ల ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు ఆన్‌లైన్‌లో కొన్న బెర్బెరిన్ సీసాను తెరిచే ముందు తమ వైద్యుడికి చూపించాలి.